విండోస్ పక్కనే లినక్స్: షాపు కంప్యూటర్‌కీ, చదువుకునే ల్యాప్‌టాప్‌కీ డ్యూయల్ బూట్ సమగ్ర మార్గదర్శి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు నుంచి దాదాపు ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. పిల్లలకి కాలేజీలో లినక్స్ (విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) కావాలంటున్నారు. ఇంట్లో ఉన్నదేమో ఒక్కటే కంప్యూటర్. దాని మీదే నాన్నగారి డీటీపీ పనో, ట్యాలీ లెక్కలో, మో సేవా కేంద్రం (ప్రభుత్వ ఆన్‌లైన్ సేవల కేంద్రం) పనో నడుస్తోంది. "అన్నా, లినక్స్ వేస్తే పాత ఫైళ్లు పోవు కదా?" అన్నదే అందరి టెన్షన్.

పద్ధతిగా చేస్తే పోవు. ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉంచి, ఆన్ చేసినప్పుడు కావాల్సినదాన్ని ఎంచుకోవడమే డ్యూయల్ బూట్. ఇన్‌స్టాల్ చేస్తుండగా కంప్యూటర్ పాడైందని చెప్పేవాళ్లలో చాలామంది, నిజానికి దానికి ముందు చేయాల్సిన పనులు వదిలేసినవాళ్లే. అందుకే ఇక్కడ సగానికి పైగా ముందు పనులే ఉన్నాయి. విసుగనిపించినా వరస తప్పించకండి.

లినక్స్ రకాల్లో ఉదాహరణకి లినక్స్ మింట్ తీసుకున్నాను. విండోస్ అలవాటున్న వాళ్లకి చూడగానే దారి తెలుస్తుంది. ఉబుంటు అనే ఇంకో రకం వేసుకునేవాళ్లకి కూడా ముందు పనులన్నీ ఇవే. ఇన్‌స్టాలర్ తెరలు మాత్రం కొంచెం తేడాగా ఉంటాయి.

## 1. అసలు డ్యూయల్ బూట్ కావాలా?

కమాండ్లు నేర్చుకోవడానికో, ల్యాబ్ రికార్డు పూర్తి చేయడానికో మాత్రమే లినక్స్ కావాలంటే, 8 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో వర్చువల్ బాక్స్ చాలు. విండోస్ లోపలే ఒక కిటికీలో లినక్స్ నడుస్తుంది. డిస్కుని కోయక్కర్లేదు, బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే మూల సెట్టింగులు) ముట్టుకోనక్కర్లేదు. వద్దనుకుంటే ఒక ఫైల్ తీసేసినట్టే తీసేయొచ్చు.

ర్యామ్ 4 జీబీయే ఉంటే వర్చువల్ బాక్స్ నత్తనడక నడుస్తుంది. అక్కడ డ్యూయల్ బూటే నయం. విండోస్ 11కి వెళ్లలేని పాత మెషీన్లకీ ఇదే మంచి దారి. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. నెట్, బ్యాంకు పనులు లినక్స్‌లో చేసుకుంటూ, విండోస్‌ని పాత సాఫ్ట్‌వేర్‌కి మాత్రమే వాడుకోవచ్చు.

విండోస్‌ని మొత్తం తీసేసి లినక్స్ ఒక్కటే వేసుకోమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. మన వైపు షాపులకి ఆ సలహా పనికిరాదు. తెలుగు పనికి అను స్క్రిప్ట్, ఒడియా పనికి ఆకృతి, రెండింటికీ పాత పేజ్‌మేకర్ వాడే షాపుల్లో ఆ ఫైళ్లు యూనికోడ్‌లో (అన్ని సిస్టమ్‌లకీ ఒకటే అయిన అక్షరాల పద్ధతిలో) ఉండవు. లినక్స్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. వేలిముద్రల మెషీన్లు, టెండర్ల డిజిటల్ సంతకం టోకెన్లు కూడా విండోస్‌లోనే నిశ్చింతగా పనిచేస్తాయి. వైన్ (విండోస్ ప్రోగ్రాంలని లినక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి నడిపించేద్దాం అనే ఉత్సాహం ఉంటే, దాన్ని పెళ్లిళ్ల సీజన్ అయ్యాక చూపించండి.

## 2. మెషీన్ వివరాలు కాగితం మీద రాసుకోండి

ఫోన్‌లో ఫొటో తీసుకున్నా సరే. ఇన్‌స్టాల్ మధ్యలో ఈ వివరాలు కావాలంటే విండోస్ తెరవడం కుదరదు.

స్టార్ట్ పక్కన వెతికే చోట "సిస్టమ్ ఇన్ఫర్మేషన్" అని కొట్టి తెరవండి. అందులో "బయోస్ మోడ్" అనే వరస చూడండి. యూఈఎఫ్ఐ (కొత్త పద్ధతి) అని ఉందా, లెగసీ (పాత పద్ధతి) అని ఉందా? తర్వాత వచ్చే మెట్లన్నీ దీని మీదే ఆధారపడతాయి. "సెక్యూర్ బూట్ స్టేట్" (గుర్తింపు ఉన్న సిస్టమ్‌లనే తెరవనిచ్చే కాపలా), ర్యామ్ ఎంత అన్నవి కూడా అక్కడే ఉంటాయి.

తర్వాత స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కింద ఎడమ వైపు "డిస్క్ 0" మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, వాల్యూమ్స్. అక్కడ పార్టిషన్ స్టైల్ (డిస్కుని పార్టిషన్లు అనే భాగాలుగా పంచే పద్ధతి) కొత్తదైన జీపీటీయో, పాతదైన ఎంబీఆరో చెబుతుంది.

రాసుకోవాల్సినవి:

- బయోస్ మోడ్: యూఈఎఫ్ఐ లేదా లెగసీ
- పార్టిషన్ స్టైల్: జీపీటీ లేదా ఎంబీఆర్
- డిస్కులు ఎన్ని, ఒక్కొక్కటి ఎంత సైజు (ఇన్‌స్టాలర్‌లో సీ, డీ అనే పేర్లు కనిపించవు, సైజు చూసే గుర్తుపట్టాలి)
- ప్రతి పార్టిషన్ సైజు
- ర్యామ్ ఎంత
- సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందా

యూఈఎఫ్ఐ, జీపీటీ ఉన్న మెషీన్ అయితే పని సులువు. లెగసీ, ఎంబీఆర్ అయితే ఒక చిక్కు ఉంది. ఎంబీఆర్‌లో ప్రైమరీ పార్టిషన్లు నాలుగుకి మించి ఉండకూడదు. పాత బ్రాండెడ్ ల్యాప్‌టాప్‌లలో సిస్టమ్ రిజర్వ్‌డ్, సీ, డీ, రికవరీ కలిసి ఆ నాలుగూ అప్పటికే నిండిపోయి ఉంటాయి. అలాంటప్పుడు ఐదోది చేయబోతే, డిస్కుని "డైనమిక్" చేయనా అని విండోస్ అడుగుతుంది. ఎట్టి పరిస్థితిలోనూ ఒప్పుకోకండి. డైనమిక్ డిస్కులో మింట్ ఇన్‌స్టాలర్ పనిచేయదు, వెనక్కి తిప్పడం పెద్ద తలనొప్పి. డీ డ్రైవ్‌లో ఉన్నది బయటికి తీసి, డీని డిలీట్ చేసి, ఆ ఖాళీలో లినక్స్ వేసుకోవడమే దారి.

హార్డ్ డిస్కు ఆరోగ్యం కూడా ఇప్పుడే చూడండి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం "గుడ్" అంటే ముందుకు వెళ్లండి. "కాషన్" అని పసుపు రంగులో చూపిస్తే ఆ డిస్కు మీద ఏ పనీ పెట్టుకోకండి. ముందు డేటా తీసుకుని డిస్కు మార్చండి. ప్లస్ టూ మార్కులకి ప్రభుత్వం ఇచ్చిన పాత ల్యాప్‌టాప్‌లు ఇంకా వాడుతున్నవాళ్లు దీన్ని అస్సలు వదలకూడదు. ఎలాగూ మార్చాల్సి వస్తే ఎస్ఎస్‌డీ పెట్టించండి. రెండు సిస్టమ్‌లూ చురుగ్గా కదులుతాయి.

## 3. బ్యాకప్: డీ డ్రైవ్‌లోకి కాపీ చేస్తే బ్యాకప్ కాదు

సీ, డీ రెండూ ఒకే పొలంలో వేసిన రెండు మడులు. వరదొస్తే రెండూ మునుగుతాయి. బ్యాకప్ అంటే వేరే వస్తువులో ఉండాలి: బయటి హార్డ్ డిస్కు, ఇంకో కంప్యూటర్, పెద్ద పెన్‌డ్రైవ్.

జనం మర్చిపోయేవి ఇవీ:

- డెస్క్‌టాప్ మీద పరిచిన ఫైళ్లు (షాపుల్లో సగం పని అక్కడే ఉంటుంది)
- డౌన్‌లోడ్స్ ఫోల్డర్
- ట్యాలీ డేటా ఫోల్డర్ (మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటుంది, ఎక్కడుందో ట్యాలీలోనే చూసుకోండి)
- అను, ఆకృతి ఇన్‌స్టాల్ ఫైళ్లు, వాటి లైసెన్సు వివరాలు, విడిగా కొని వేసుకున్న ఫాంట్లు
- బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్లు

కాపీ అయ్యాక ఆ డిస్కుని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకుంటేనే బ్యాకప్ ఉన్నట్టు.

ఇంకో జాగ్రత్త. మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద విండోస్ ఇన్‌స్టాలర్ ఒకటి చేసి పక్కన పెట్టుకోండి. విండోస్ బూట్ ఎప్పుడైనా మొరాయిస్తే రిపేర్ చేయడానికి ఇదే ఆధారం. ఆ రోజు షాపు మూసుకుని వేరే కంప్యూటర్ కోసం తిరిగే బదులు ఇప్పుడే చేసుకోవడం మేలు.

## 4. బిట్‌లాకర్ ఆపండి

కొత్త ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ మంది ఇరుక్కునేది ఇక్కడే. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయిన విండోస్ 11 మెషీన్లలో, మీరు అడక్కపోయినా బిట్‌లాకర్ డిస్కుని ఎన్‌క్రిప్ట్ చేసి (కీ లేకుండా చదవలేని తాళం వేసి) ఉండొచ్చు. అది తెలియకుండా బయోస్‌లో ఏదైనా మార్చితే, తర్వాతిసారి విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. కీ లేకపోతే డేటా లేనట్టే.

సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, డివైస్ ఎన్‌క్రిప్షన్. ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి. ప్రో వెర్షన్ అయితే కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్ అనే చోట "టర్న్ ఆఫ్" నొక్కండి. డిస్కు పెద్దదైతే పూర్తిగా విడిపోవడానికి గంట దాటొచ్చు. ఛార్జర్ పెట్టి వదిలేయండి. అది పూర్తయ్యే వరకు తర్వాతి మెట్టు ఎక్కొద్దు.

రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంటులో కనిపిస్తుంది. ఆఫ్ చేసినా సరే, కీని ఒకసారి కాగితం మీద రాసిపెట్టుకోండి. ల్యాప్‌టాప్ కొన్నప్పుడు షాపువాళ్లే వాళ్ల మెయిల్‌తో అకౌంటు తెరిచి ఇచ్చి ఉంటే, కీ వాళ్ల అకౌంటులో ఉంటుంది. ఇది ముందే తేల్చుకోవాల్సిన సంగతి.

## 5. ఫాస్ట్ స్టార్టప్ ఆపండి

మీరు షట్ డౌన్ నొక్కినా ఫాస్ట్ స్టార్టప్ ఉంటే విండోస్ పూర్తిగా ఆగదు. సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో లినక్స్ నుంచి విండోస్ డ్రైవ్‌లోకి రాస్తే ఫైళ్లు చెడతాయి. అందుకే లినక్స్ ఆ డ్రైవ్‌ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది, లేదా అసలు తెరవదు.

కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, "చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ". పైన నీలం అక్షరాల్లో ఉన్న "చేంజ్ సెట్టింగ్స్" నొక్కితే కింది గడులు తెరుచుకుంటాయి. "టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్" టిక్ తీసేసి సేవ్ చేయండి. పెద్ద విండోస్ అప్‌డేట్ వచ్చాక ఇది మళ్లీ ఆన్ అయ్యే అవకాశం ఉంది, అప్పుడోసారి చూసుకోండి.

## 6. డిస్కులో చోటు చేయండి (విండోస్‌లో ఉండగానే)

ఇన్‌స్టాలర్ తానే విండోస్‌ని కుదించగలదు. అయినా నేను ఆ పని దానికి అప్పగించను. విండోస్ పార్టిషన్‌ని విండోస్ చేతే కుదింపించడం క్షేమం. పైగా మన వైపు కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, వేసవి సాయంత్రాల్లో గాలివాన మొదలైతే మరీను. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా ఈ మెట్టూ 9వ మెట్టూ చేయొద్దు. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండా ఉండాలి, ఛార్జర్ కూడా తగిలించి ఉండాలి.

ఎంత చోటు ఇవ్వాలి? మింట్‌కి 20 జీబీ కనీసం, 100 జీబీ ఉంటే మేలు అని దాన్ని తయారుచేసేవాళ్లే చెబుతారు. 256 జీబీ ఎస్ఎస్‌డీలో 60 జీబీ ఇస్తే చదువుకునేవాళ్లకి సరిపోతుంది. 500 జీబీ, ఆ పైన ఉంటే 100 ఇవ్వండి.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ మీద రైట్ క్లిక్, "ష్రింక్ వాల్యూమ్". అంకె ఎంబీలో అడుగుతుంది. 60 జీబీకి 61440, 100 జీబీకి 102400. ష్రింక్ అయ్యాక నల్ల గీతతో "అన్‌అలోకేటెడ్" అనే ఖాళీ కనిపిస్తుంది. దాన్ని అలాగే వదిలేయండి. "న్యూ వాల్యూమ్" చేసి దానికో అక్షరం ఇచ్చేయడం చాలామంది చేసే తప్పు. అలా చేస్తే ఇన్‌స్టాలర్‌కి అది ఖాళీగా కనపడదు.

సీలో బోలెడంత ఖాళీ ఉన్నా విండోస్ కొంచెమే ఇస్తానంటుంది ఒక్కోసారి. కదపలేని ఫైళ్లు డిస్కు మధ్యలో కూర్చోవడమే కారణం. అప్పుడు:

- సిస్టమ్ ప్రొటెక్షన్ (రీస్టోర్ పాయింట్లు) తాత్కాలికంగా ఆపండి
- వర్చువల్ మెమరీలో "నో పేజింగ్ ఫైల్" పెట్టండి
- రీస్టార్ట్ చేసి మళ్లీ ష్రింక్ చేయండి
- అయ్యాక రెండూ మళ్లీ ఆన్ చేయండి

ఇంత చేసినా కదలకపోతే, డీ డ్రైవ్‌ని కుదించండి. అందులో ఇలాంటి మొండి ఫైళ్లు తక్కువ. లినక్స్‌కి ఎక్కడి చోటైనా ఒకటే.

## 7. పెన్‌డ్రైవ్ తయారీ

కావాల్సినవి: 8 జీబీ పెన్‌డ్రైవ్ (అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది), రూఫస్ అనే చిన్న ప్రోగ్రాం, మింట్ ఐఎస్ఓ ఫైల్ (ఇన్‌స్టాలర్ మొత్తం ఉండే ఒకే ఫైలు).

8 జీబీ ర్యామ్ ఉంటే సినమన్ ఎడిషన్, 4 జీబీ అయితే దానికన్నా తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోండి. 22 వరస మింట్‌కి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. ఫైలు దాదాపు 3 జీబీ ఉంటుంది. కాశీపురం, మోహన దాటి కొండ ఊళ్లలో సిగ్నల్ తెగుతూ ఉంటే బ్రౌజర్‌లో దించకండి, మింట్ సైట్‌లోనే టోరెంట్ లింకు ఉంటుంది. టోరెంట్ తెగిన చోటు నుంచే అందుకుంటుంది, వచ్చిన ముక్కల్ని తానే సరిచూసుకుంటుంది.

టోరెంట్ కాకుండా దించుకున్నవాళ్లు ఫైలు సరిగ్గా వచ్చిందో లేదో చూడాలి. రూఫస్‌లో ఐఎస్ఓ ఎంచుకున్నాక, సెలెక్ట్ బటన్ దగ్గరే చిన్న టిక్ గుర్తు ఉంటుంది. అది నొక్కితే ఎస్‌హెచ్‌ఏ256 విలువ (ఫైలుకి వేలిముద్ర లాంటి అక్షరాల వరస) చూపిస్తుంది. మింట్ సైట్‌లో ఇచ్చిన విలువతో పోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా మళ్లీ దించాల్సిందే. ఇన్‌స్టాల్ మధ్యలో వచ్చే అర్థంకాని ఎర్రర్లకి చెడిపోయిన ఐఎస్ఓ పెద్ద కారణం.

రూఫస్‌లో పార్టిషన్ స్కీమ్ మీ మెషీన్ యూఈఎఫ్ఐ అయితే జీపీటీ, లెగసీ అయితే ఎంబీఆర్. స్టార్ట్ నొక్కాక ఐఎస్ఓ మోడా, డీడీ మోడా అని అడిగితే ఐఎస్ఓ మోడ్ ఉంచండి.

## 8. ఇన్‌స్టాల్ చేయకుండానే ఒకసారి నడిపి చూడండి

పెన్‌డ్రైవ్ పెట్టి రీస్టార్ట్ చేసి, లోగో రాగానే బూట్ మెనూ మీట నొక్కుతూ ఉండండి. మామూలుగా హెచ్‌పీలో ఎఫ్9, డెల్, లెనోవోలలో ఎఫ్12, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్12, కానీ దాన్ని ముందు ఎఫ్2 నొక్కి బయోస్‌లో ఆన్ చేయాల్సి రావొచ్చు.

మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపించొచ్చు: ఒకటి యూఈఎఫ్ఐ అనే మాటతో, ఇంకొకటి ఉత్త పేరుతో. 2వ మెట్టులో మీరు రాసుకున్న మోడ్‌కి సరిపోయేదే ఎంచుకోండి. విండోస్ యూఈఎఫ్ఐలో ఉండి లినక్స్ లెగసీలో వేస్తే రెండూ ఒక మెనూలోకి రావు. "లినక్స్ వేశాను, విండోస్ కనపడట్లేదు" అనేవాళ్లలో చాలామంది చేసింది ఇదే. బేగి బేగి మొదటి వరస మీద ఎంటర్ కొట్టేస్తారు.

మింట్ డెస్క్‌టాప్ వచ్చాక, ఇన్‌స్టాల్ గుర్తు ముట్టుకోకుండా ఇవి పరీక్షించండి:

- వైఫై దొరుకుతోందా
- స్పీకర్, కెమెరా పనిచేస్తున్నాయా
- టచ్‌ప్యాడ్, వెలుతురు మీటలు
- డిస్కు కనిపిస్తోందా (మెనూలో "డిస్క్స్" తెరిచి చూడండి)
- షాపు ప్రింటర్

వైఫై రాకపోతే కంగారొద్దు. ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వస్తుంది. ఇన్‌స్టాల్ అయ్యాక డ్రైవర్ మేనేజర్‌లో వైఫై డ్రైవర్ దొరకొచ్చు.

ప్రింటర్ సంగతి ముందే తెలిస్తే మంచిది. ఎప్సన్ ఎల్ వరస, హెచ్‌పీ ప్రింటర్లు ఎక్కువగా సాఫీగా పనిచేస్తాయి. హెచ్‌పీ 1020, ఎం1005 లాంటివాటికి అదనంగా ఒక ప్లగిన్ దించుకోవాలి. చాలా షాపుల్లో కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900 మాత్రం లినక్స్‌లో బాగా ఏడిపిస్తుంది. దాని పని విండోస్‌కే వదిలేయండి.

డిస్కు కనిపించకపోతే: ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ల్యాప్‌టాప్‌లలో ఇది తరచూ వస్తుంది. బయోస్‌లో వీఎండీ లేదా ఆర్ఎస్‌టీ (ఇంటెల్ సొంత డిస్కు పద్ధతులు) ఆన్‌లో ఉండటమే కారణం. నేరుగా ఆపేస్తే విండోస్ నీలి తెర వేసి ఆగిపోతుంది. వరస ఇలా ఉండాలి:

1. విండోస్‌లోకి వెళ్లి, బిట్‌లాకర్ ఆగి ఉందని మళ్లీ చూడండి.
2. అకౌంటు అసలు పాస్‌వర్డ్ గుర్తుందో లేదో చూసుకోండి. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు.
3. "సిస్టమ్ కాన్ఫిగరేషన్" తెరిచి, బూట్ ట్యాబ్‌లో "సేఫ్ బూట్" టిక్ పెట్టండి.
4. రీస్టార్ట్ చేసి బయోస్‌లోకి వెళ్లి వీఎండీ ఆపండి, లేదా ఏహెచ్‌సీఐకి (మామూలు డిస్కు పద్ధతికి) మార్చండి.
5. విండోస్ సేఫ్ మోడ్‌లో తెరుచుకుంటుంది. సేఫ్ బూట్ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేయండి.

## 9. ఇన్‌స్టాల్

బయటి హార్డ్ డిస్కులు, వేరే పెన్‌డ్రైవ్‌లు పీకేయండి. బ్యాకప్ డిస్కు తగిలించి ఉంచి దాన్నే చెరిపేసుకున్నవాళ్లు ఉన్నారు.

భాష తెలుగు పెట్టుకోవచ్చు, కానీ కీబోర్డు మాత్రం ఇంగ్లిష్ (యూఎస్) ఉంచండి. ఇక్కడ తెలుగో ఒడియానో ఎంచుకుంటే తర్వాత పాస్‌వర్డ్ కొట్టడం కుదరక లాగిన్ దగ్గరే నిలబడిపోతారు. మల్టీమీడియా కోడెక్స్ గడి టిక్ చేయండి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. దాన్ని రాసుకోండి, రీస్టార్ట్‌లో ఒక్కసారి అవసరమవుతుంది.

ఇక అసలు తెర: "ఇన్‌స్టలేషన్ టైప్". ఇక్కడ ఆగి నిదానంగా చదవండి.

- "ఎరేజ్ డిస్క్": మొత్తం డిస్కు చెరిపేస్తుంది. దీని జోలికి వెళ్లొద్దు.
- "అలాంగ్‌సైడ్": తానే అన్నీ చూసుకుంటుంది. ఒకే డిస్కున్న మెషీన్‌లో మామూలుగా బాగానే పనిచేస్తుంది.
- "సమ్‌థింగ్ ఎల్స్": ఏది ఎక్కడికి వెళ్తోందో మీ కళ్లతో చూసి చేస్తారు. నా ఓటు దీనికే.

"సమ్‌థింగ్ ఎల్స్"లో మీరు వదిలిన "ఫ్రీ స్పేస్" వరసని సైజుతో గుర్తుపట్టి, కింద ప్లస్ గుర్తు నొక్కండి. సైజు మొత్తం అలాగే ఉంచి, "యూజ్ యాజ్" దగ్గర ఈఎక్స్‌టీ4 (లినక్స్ వాడే ఫార్మాట్), "మౌంట్ పాయింట్" దగ్గర ఉత్త ఏటవాలు గీత (/) ఎంచుకోండి. అంతే. స్వాప్‌కి (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్కు చోటుకి) వేరే పార్టిషన్ అక్కర్లేదు, అది ఫైల్‌గా తానే చేసుకుంటుంది. హోమ్‌కి (మీ సొంత ఫైళ్ల ఫోల్డర్‌కి) విడిగా పార్టిషన్ చేయమని పాత పాఠాల్లో ఉంటుంది. 60 జీబీని రెండు ముక్కలు చేస్తే ఒకటి నిండి ఒకటి ఖాళీగా మిగులుతుంది, వద్దు.

యూఈఎఫ్ఐ మెషీన్‌లో విండోస్ వాడే చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్ (ఎక్కువగా 100 ఎంబీ) కనిపిస్తుంది. లినక్స్ కూడా దాన్నే పంచుకుంటుంది. కొత్తది చేయకండి, ఉన్నదాన్ని ఫార్మాట్ చేయకండి.

"ఇన్‌స్టాల్ నౌ" నొక్కే ముందు:

- ఫార్మాట్ గడిలో టిక్ ఒక్క కొత్త ఈఎక్స్‌టీ4 వరసకే ఉందా?
- విండోస్ పార్టిషన్లలో (ఎన్‌టీఎఫ్ఎస్) ఏ మార్పూ లేదు కదా?
- బూట్ లోడర్ (ఆన్ కాగానే ఏ సిస్టమ్ తెరవాలో చూసే ప్రోగ్రాం) డివైస్ దగ్గర విండోస్ ఉన్న డిస్కే ఉందా?
- ఛార్జర్ తగిలించి ఉందా?

నొక్కగానే ఏమేం మారబోతున్నాయో ఒక జాబితా చూపిస్తుంది. అందులో మీరు ఊహించని పార్టిషన్ ఒక్కటి కనిపించినా "గో బ్యాక్" నొక్కండి. ఇక్కడిదాకా డిస్కు మీద ఏమీ రాయలేదు. "కంటిన్యూ" నొక్కాకే మొదలవుతుంది.

తర్వాత టైమ్ జోన్ కోల్‌కతా, యూజర్ పేరు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో. మిగతాది అదే చూసుకుంటుంది. రీస్టార్ట్‌లో నీలి తెర మీద "మోక్ మేనేజ్‌మెంట్" వస్తే "ఎన్‌రోల్ మోక్", "కంటిన్యూ", "యస్" వరసగా ఎంచుకుని ఇందాకటి పాస్‌వర్డ్ ఇవ్వండి. ఆ తెర పది సెకన్లే ఆగుతుంది, దాటిపోతే కొన్ని డ్రైవర్లు పనిచేయవు.

## 10. మొదటి రోజు పనులు

ముందు విండోస్‌లోకి వెళ్లి అన్నీ తెరుచుకుంటున్నాయో చూడండి. తర్వాతే లినక్స్‌లో పని.

గడియారం. లినక్స్‌లోకి వెళ్లొచ్చాక విండోస్ ఐదున్నర గంటలు వెనకబడి చూపిస్తుంది. ఒకటి మదర్‌బోర్డు గడియారాన్ని అంతర్జాతీయ సమయంగా, ఇంకొకటి స్థానిక సమయంగా చదవడం వల్ల వచ్చే తేడా ఇది. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ బ్యాంకు సైట్లు తెరుచుకోకపోవచ్చు, ట్యాలీ తేదీలు తప్పొచ్చు. మింట్ టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీలో) ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో "టైమ్‌డేట్‌సీటీఎల్" (టైమ్, డేట్, సీ, టీ, ఎల్ అన్నీ కలిపి), ఒక స్పేస్, "సెట్-లోకల్-ఆర్‌టీసీ", ఒక స్పేస్, 1 కొట్టి ఎంటర్ నొక్కండి.

అప్‌డేట్లు, టైమ్‌షిఫ్ట్. అప్‌డేట్ మేనేజర్‌లో ఉన్నవన్నీ వేసి, టైమ్‌షిఫ్ట్‌లో ఒక స్నాప్‌షాట్ తీయండి. తర్వాత ఏదైనా చెడితే ఈ స్థితికి తిరిగి రావొచ్చు. ఇది సిస్టమ్‌కే రక్ష, మీ సొంత ఫైళ్లకి కాదు.

తెలుగు, ఒడియా టైపింగ్. కీబోర్డు సెట్టింగుల్లో లేఅవుట్స్‌కి వెళ్లి రెండూ కలపండి. ఒడియా అని దొరకకపోతే "ఒరియా" అని వెతకండి. తెలుగులో ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక) రానివాళ్లకి కగప ఫొనెటిక్, సరళ అనే రకాలు కూడా ఉన్నాయి. అక్షరాలు అందంగా కనపడాలంటే సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో తెలుగు, ఒడియా ఫాంట్ల ప్యాకేజీలు వేసుకోండి.

ముందు ఏది తెరుచుకోవాలి? ఇంట్లో పెద్దవాళ్లు, షాపులో పనివాళ్లు వాడే యూఈఎఫ్ఐ మెషీన్ అయితే, బయోస్ బూట్ ఆర్డర్‌లో "విండోస్ బూట్ మేనేజర్"ని మొదట పెట్టేయండి. బటన్ నొక్కితే ఎప్పటిలాగే విండోస్ వస్తుంది. లినక్స్ కావాల్సినవాళ్లు ఎఫ్9 లేదా ఎఫ్12 నొక్కి ఎంచుకుంటారు. ఇంగ్లిష్‌లో నల్లటి మెనూ చూసి అమ్మ కంగారుపడి ఫోన్ చేయడం తప్పుతుంది.

## 11. తరచూ వచ్చే చిక్కులు

ఆన్ చేస్తే నేరుగా విండోస్ వస్తోంది. బయోస్ బూట్ ఆర్డర్‌లో "ఉబుంటు" అనే పేరు వెతికి పైకి తేండి. మింట్ కూడా అక్కడ ఆ పేరుతోనే ఉంటుంది. విండోస్ అప్‌డేట్ తర్వాత ఇలా జరగడం మామూలే.

నేరుగా లినక్స్ వస్తోంది, విండోస్ మెనూలో లేదు. టెర్మినల్‌లో "సుడో", స్పేస్, "అప్‌డేట్-గ్రబ్" కొట్టండి (గ్రబ్ అంటే ఆ మెనూ చూపించే లినక్స్ బూట్ లోడర్). అప్పటికీ రాకపోతే రెండూ వేర్వేరు మోడ్‌లలో ఉన్నాయేమో చూడండి. బూట్ మెనూ మీటతో విండోస్‌ని ఎప్పుడైనా తెరవొచ్చు, అది ఎక్కడికీ పోలేదు.

"సెక్యూరిటీ పాలసీ వయొలేషన్" అంటూ లినక్స్ ఆగిపోయింది. 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ తర్వాత చాలా మెషీన్లలో ఇదే జరిగింది. బయోస్‌లో సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లో అప్‌డేట్లన్నీ వేసి, మళ్లీ ఆన్ చేయండి.

విండోస్ డ్రైవ్‌లో ఫైళ్లు సేవ్ కావట్లేదు. ఫాస్ట్ స్టార్టప్ మళ్లీ ఆన్ అయింది. 5వ మెట్టుకి వెళ్లండి. అప్పటికప్పుడు కావాలంటే విండోస్‌లోకి వెళ్లి షట్ డౌన్ కాకుండా "రీస్టార్ట్" నొక్కి లినక్స్‌లోకి రండి.

## 12. వద్దనుకుంటే తీసేసే వరస

విండోస్‌లో లినక్స్ పార్టిషన్‌ని నేరుగా డిలీట్ చేసేసి, రీస్టార్ట్‌లో "గ్రబ్ రెస్క్యూ" అనే నల్ల తెర ముందు కూర్చున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. వరస ఇది:

1. ముందు లినక్స్‌లో ఉన్న మీ ఫైళ్లు బయటికి తీసుకోండి.
2. యూఈఎఫ్ఐ అయితే బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ని మొదటికి తెచ్చి, విండోస్ నేరుగా తెరుచుకుంటోందని రూఢి చేసుకోండి.
3. లెగసీ అయితే 3వ మెట్టులో చేసిన విండోస్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, రిపేర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి "బూట్‌రెక్", స్పేస్, "/ఫిక్స్‌ఎంబీఆర్" కొట్టండి.
4. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లినక్స్ పార్టిషన్ మాత్రమే డిలీట్ చేయండి. దానికి డ్రైవ్ అక్షరం ఉండదు, సైజుతో గుర్తుపట్టండి. ఈఎఫ్ఐ, రికవరీ ముట్టుకోవద్దు.
5. సీ మీద రైట్ క్లిక్, "ఎక్స్‌టెండ్ వాల్యూమ్". ఖాళీ సీకి ఆనుకుని కుడి పక్కన ఉంటేనే ఇది వెలుగుతుంది. మధ్యలో ఇంకో పార్టిషన్ ఉంటే ఆ ఖాళీని కొత్త డ్రైవ్‌గా చేసుకోండి.

బూట్ మెనూలో "ఉబుంటు" అనే పేరు ఆ తర్వాత కూడా కొన్నాళ్లు కనిపించొచ్చు. అది ఉత్త పేరే, దాని వల్ల నష్టం లేదు.